తొమ్మిదో పేరు

సెప్టెంబర్ 24, 2001

అన్న పోయి పదకొండు రోజులు. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. షామియానా ఇంకా విప్పలేదు.

సెప్టెంబర్ 25

హాస్టల్లో సిస్టర్ ఫిలోమినా ఆ రోజు చేసిన తప్పును కాగితం మీద రాసుకోమనేది. ఎవరికీ చూపించనక్కరలేదు, రాస్తే చాలు అనేది. నాకు తప్పులు దొరికేవి కావు. పక్కమ్మాయి రబ్బరు తీసుకున్నానని రోజూ అదే రాసేదాన్ని.

ఇప్పుడు జరిగింది రాస్తాను.

పదమూడో తేదీ గురువారం. డిగ్రీ మార్కుల కాగితం తీసుకుని అనంతపురం నుంచి మధ్యాహ్నం బస్సులో వస్తున్నాను. రాఘవన్న సర్పంచిగా గెలిచి నెల రోజులు. నన్ను ఇంటికి తీసుకుపోవడానికి మోటారు సైకిలు వేసుకుని స్టాపింగ్ దగ్గర నిలబడి ఉన్నాడు. బస్సు మలుపు తిరుగుతుంటే బాంబులు పడ్డాయి. డ్రైవర్ అక్కడే ఆపేశాడు. కిటికీలోంచి చూశాను. మా ఊరి తిప్పయ్యను చూశాను, అతని తమ్ముడు ఎర్రిస్వామిని చూశాను. చేతుల్లో వేటకొడవళ్ళు. మిగతావాళ్ళు ముఖాలకు తువ్వాళ్ళు కట్టుకున్నారు. తర్వాత ఎవరో నా తల పట్టుకుని సీటు కిందికి వంచారు. చాలాసేపు లేవనివ్వలేదు.

ఎవరో గుర్తు లేదు.

సెప్టెంబర్ 27

ఫిర్యాదు రాసింది నేనే. అది కూడా రాయాలి.

ఆ రోజు సాయంత్రం ఆసుపత్రి వరండాలో చిన్నాయన నాకు తెల్లకాగితాలు ఇచ్చాడు. నాయన పోయినప్పటి నుంచి మా ఇంటికి ఆయనే పెద్ద. ఆయన చొక్కాకు అన్న రక్తం ఉంది.

"నీ చేతిరాత బాగుంటాది. చూసిందానివి గూడా నువ్వే. నీ పేరు మీదనే రాయి పాపా."

ముందు తిప్పయ్య పేరు, తర్వాత ఎర్రిస్వామి పేరు నేనే రాశాను. మిగతావి చిన్నాయన చెప్పాడు. అవతలి పార్టీలో నోరున్నవాళ్ళు, జీపులున్నవాళ్ళు, వచ్చే ఎన్నికల్లో ఏజెంట్లుగా కూర్చోగలిగినవాళ్ళు. మా ఊళ్ళో పార్టీలకు పేర్లు అక్కర్లేదు. మాది, వాళ్ళది. ఎవరి మనిషి చనిపోయినా ఇలాగే రాస్తారు. అంతకు ముందు వాళ్ళ మనిషి చనిపోతే చిన్నాయన పేరు రాశారు. ఆ రోజు చిన్నాయన తిరుపతిలో గుండు చేయించుకుంటున్నాడు.

తొమ్మిదోది "ఐజాక్" అన్నాడు.

పెన్ను ఆపాను. "ఐజాకా?"

"మోటార్ల ఐజాకే. ఆ పేరుతో ఊర్లో ఇంగెవురుండారు?"

"ఆయన వాళ్ళ పార్టీ కాదు గదా చిన్నాయనా."

"మన పార్టీ గూడా కాదు గదా. రాయి."

రాశాను. మొత్తం పద్నాలుగు పేర్లు. స్టేషన్లో ఎస్సై కాగితం చూసి, "అచ్చు వేసినట్టు ఉందమ్మా," అన్నాడు.

అక్టోబర్ 4

నిన్న ఐజాక్‌ను పోలీసులు తీసుకుపోయారు. బావి దగ్గర మోటారు విప్పుతున్నవాణ్ణి, చేతులు కడుక్కోనివ్వకుండా.

పోయిన ఎన్నికల్లో ఇతను చేసిన పని ఊరు మరచిపోలేదు. మా దగ్గర ఓటు ముద్ర వేశాక కాగితం మడవకుండా ఏజెంటుకు చూపించి పెట్టెలో వేస్తారు. అన్ని ఇళ్ళవాళ్ళూ అంతే. ఐజాక్ మాత్రం కాగితం మడిచి, చేత్తో మూసి వేశాడు. రెండు పార్టీల ఏజెంట్లూ ఒకేసారి లేచి నిలబడ్డారట. "నా ఓటు నేను మూసి ఏస్తా, అది నా హక్కంట, రేడియోలో చెప్పినారు," అన్నాడట. వాళ్ళకు వేశాడని మావాళ్ళు, మాకు వేశాడని వాళ్ళు.

రాఘవన్న అప్పుడు ఆ సంగతి చెప్పి నవ్వాడు. "వాని ధైర్యం సూడు," అన్నాడు.

అక్టోబర్ 9

ఐజాక్ తల్లి తిప్పమ్మ వచ్చింది. మా చేలో వేరుశనగ బుడ్డలు పెరకడానికి వచ్చేది. ఈ ఏడు పెరకడానికేమీ లేదు, చెట్లు నిలువునా ఎండిపోయాయి. వాకిట్లోనే నిలబడింది.

"పాపా, నువ్వు ఆ బస్సులోనే వస్తివి గదా. నా కొడుకూ అదే బస్సులో వచ్చినాడు. మోటారు తీగ తెచ్చుకునేకి అనంతపురం పోయిండె. నువ్వు సూల్లేదా?"

అమ్మ నా వైపు చూసింది.

"చూడలేదు," అన్నాను.

"సూడకుంటే సూడలేదని రాయాల గదమ్మా. సూసినానని రాసినావంట."

చిన్నాయన లోపలి నుంచి వచ్చాడు. "ఏమ్మే తిప్పమ్మా, సావింటికొచ్చి పంచాయితీ పెడతాండావే?"

"నా ఇల్లు గూడా సావిల్లే అయితాండాది బయ్యన్నా," అని వెళ్ళిపోయింది.

అక్టోబర్ 10

బస్సు నిండా జనం ఉన్నారు. నా తల వంచినవాళ్ళు ఎవరైనా అయి ఉండవచ్చు.

అక్టోబర్ 12

ఆ చేతికి వార్నిష్ వాసన. మోటారు తీగ చుట్టాక పూసే వార్నిష్.

"సూడొద్దు పాపా, సూడొద్దు," అని చెవి దగ్గర అంటూనే ఉన్నాడు. నేను అరుస్తూ అతని చెయ్యి కొరికాను. తియ్యలేదు.

ఐజాక్.

ఫిర్యాదు రాసేటప్పుడు నాకు తెలుసు.

అక్టోబర్ 13

వాన లేదు.

నవంబర్ 18

హక్కుల సంఘం లింగప్ప సారు వచ్చాడు. రిటైరయిన లెక్కల మాస్టారు. బస్టాండు నుంచి ఎండలో నడిచి వచ్చినట్టున్నాడు, చెప్పుల నిండా దుమ్ము. ఐజాక్‌ను స్టేషన్లో ఐదు రోజులు ఉంచుకుని ఆ తర్వాతే కోర్టుకు చూపించారట. కుడిచెవి పని చెయ్యడం లేదట. చీము కారుతోందట.

నేను తలుపు వెనుక ఉన్నాను. చిన్నాయన ఆయనను అరుగు మీద కూర్చోమని, మంచినీళ్ళు తెప్పించి, ఆ తర్వాత అడిగాడు.

"ఎవురి పార్టీ సారూ మీరు? ఈపొద్దు తేల్చి చెప్పాల."

"తొంభై ఎనిమిదిలో నిన్ను స్టేషన్లో కట్టేసి కొట్టినప్పుడు ఈ మాట అడగకపోతివే బయ్యన్నా."

"అప్పుడు మీకు మా ఇంట్లోనే అన్నం పెడితిమి."

"సంగటి, చెనిక్కాయల చట్నీ. బాగుండె. ఆ సంగటి తిన్నందుకు వాళ్ళు నన్ను మీ మనిషనిరి. మూడేండ్లు వాళ్ళ వీధిలోకి రానియ్యలేదు."

చిన్నాయన నవ్వాడు. అన్న పోయాక అదే మొదలు. "ఇప్పుడు వాళ్ళేం పెట్టినారు మీకు? కోడికూరనా?"

"నీళ్ళు గూడా ఇయ్యలేదు. వాళ్ళ లాయరు పదమూడు మందికి బెయిలు పెట్టినాడు. ఐజాక్ మా వాడు కాదు, మాకేం పని అన్నాడు."

"మా పిల్లోన్ని నరికినప్పుడు యాడికి పోయినాయి సార్ మీ హక్కులు?"

"పదహారో తేదీ వచ్చి ఇదే అరుగు మీద కూచుంటి. నీ కొడుకు లాంటోన్ని అట్ల నరకడం ఘోరమని పత్రికకు రాస్తి. నువ్వు చదవలేదు. నీ దుఃఖంలో నువ్వుంటివి, తప్పు పట్టడంలేదు." అరుగు దిగి చెప్పులు వేసుకున్నాడు. "ఐజాక్ ఆడ ఉండెనా బయ్యన్నా? ఒక్కమాట చెప్పు, పోతా."

"ఉండె. మా పాప సూసింది."

లింగప్ప సారు తలుపు వైపు చూడలేదు. నేను అక్కడ ఉన్నానని ఆయనకు తెలుసనుకుంటాను.

ఫిబ్రవరి 2, 2002

కోర్టు ఐజాక్‌కు బెయిలు ఇచ్చింది. హక్కుల సంఘం లాయరు అడిగాడట. పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్ళు ఇద్దరు జామీను ఉండాలి. తిప్పమ్మ మా వీధికి రాలేదు. అవతలి పార్టీ వీధికి పోయింది. మీ కోసమే జైలుకు పోయినాడు గదా అని అడిగితే, మా కోసమని ఎవురు చెప్పినారు అన్నారట.

ఐజాక్ జైల్లోనే ఉన్నాడు.

ఫిబ్రవరి 20

ఇంకా లోపలే.

జూన్ 30

వాన లేదు. ట్యాంకరు రెండు రోజులకొకసారి వస్తోంది. మా మోటారు కాలిపోయింది. చిన్నాయన గుంతకల్లు నుంచి మెకానిక్‌ను పిలిపించాడు. అతను మోటారు తెరిచి, "ఇంతకు ముందు చుట్టినోడు ఎవురో గానీ భలే చుట్టినాడప్పా," అన్నాడు.

సెప్టెంబర్ 13

అన్నకు ఏడాది. భోజనాలకు మూడు వందల మంది. ఎమ్మెల్యే వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, "కోర్టులో గట్టిగా నిలబడల్ల తల్లీ," అన్నాడు. తల ఊపాను.

నేను తల ఊపడం తప్ప ఏదీ సరిగ్గా చెయ్యను.

మార్చి 9, 2003

ఈ ఆరు నెలల్లో రాయవలసిందేమీ లేదు. చదివాను. అమ్మ పెళ్ళిమాట ఎత్తితే కేసు అయ్యాక అన్నాను. అమ్మ అదీ నిజమే అంది.

జూన్ 22

కేసు వచ్చే నెల విచారణకు వస్తుంది. మొదటి సాక్షిని నేను. చిన్నాయన సర్కారు లాయరు దగ్గరికి తీసుకుపోయాడు. పద్నాలుగు పేర్లూ వరుసగా చెప్పించాడు. ఎనిమిది చెప్పి ఆగాను.

"తొమ్మిది?"

చిన్నాయన ఫోను వస్తే బయటికి పోయాడు. అప్పుడు అడిగాను. "ఒక పేరు తప్పని చెబితే ఏమవుతుంది సార్?"

ఆయన కళ్ళద్దాలు తీశాడు. "ఒకటి అబద్ధమని నువ్వే చెబితే మిగతా పదమూడూ జడ్జి ఎందుకు నమ్ముతాడమ్మా? తిప్పయ్య నడుచుకుంటూ బయటికొస్తాడు. నీ మీద కూడా కేసు పడొచ్చు."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే యావజ్జీవం పడుతుంది. అందరికీ."

అందరికీ.

జూలై 1

లింగప్ప సారు ఉండేది అనంతపురంలో ఒక ప్రింటింగ్ ప్రెస్ పైన గది. అదే హక్కుల సంఘం ఆఫీసు. సర్టిఫికెట్ పని అని ఇంట్లో అబద్ధం చెప్పి పోయాను. మెట్లు ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కాను.

బస్సు సంగతి చెప్పాను. మొదటిసారి ఒక మనిషికి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. టీ తెప్పించాడు.

"లాయరు చెప్పింది నిజమేనా సార్? తిప్పయ్య బయటికి వస్తాడా?"

"వస్తాడమ్మా. రాడని నేను చెప్పలేను."

"మరి నేనేం చెయ్యాలి?"

టీ గ్లాసు పక్కన పెట్టాడు. "మీ అన్నను చంపినారు. అదొక తప్పు. ఐజాక్‌ను లోపల పెట్టినారు. అదింకొక తప్పు. దీనికీ దానికీ చెల్లు వేసేకి నాకు లెక్క తెలీదు. ముప్పై ఏండ్లు లెక్కలే చెప్పినా."

"చెప్పమని అనరా?"

"అనను. రేపు మీ ఇంట్లో ఉండాల్సింది నువ్వు గదా, నేను కాదు."

ఆయన చెప్పు అని ఉంటే బాగుండేది. వద్దు అన్నా బాగుండేది.

జూలై 9

అమ్మతో చెప్పాను. పొయ్యి దగ్గర. అమ్మ వెనక్కి తిరగలేదు.

"ఆ తిప్పయ్య నా వాకిట్లో నుంచి నడిచి పోతాంటే నేను సూడల్లనా?"

"ఐజాక్ బస్సులో ఉన్నాడు అమ్మా."

"నాకు తెల్సు. నువ్వు తిప్పమ్మతో సూడలేదంటివే, ఆపొద్దే తెల్సింది." సంగటి గెలుకుతూనే ఉంది. "నాకు కొడుకు ల్యా. ఇంగ నీ ఇష్టం."

నా ఇష్టం ఏమిటో నాకు తెలియడం లేదు. లోపల ఏమీ కదలడం లేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే ఉన్నట్టు.

జూలై 17

చెప్పాను.

జూలై 19

హాస్టల్లో ఉన్నాను. ఒకటో క్లాసు నుంచి నేను చదివిన హాస్టలే. సిస్టర్ ఏమీ అడగకుండా మంచం ఇచ్చింది.

పదిహేడో తేదీ. పద్నాలుగు మందీ వరుసగా నిలబడ్డారు. పదమూడు మందివి ఇస్త్రీ చొక్కాలు. ఐజాక్ చొక్కా భుజాల మీద వేలాడుతోంది. నా కాగితం నాకు చూపించారు.

"ఇది మీరు రాసిందేనా?"

"నేనే."

"ఇందులో ఉన్నది నిజమేనా?"

"రెండు పేర్లు నిజం. తిప్పయ్య, ఎర్రిస్వామి. వాళ్ళను చూశాను. మిగతావాళ్ళ ముఖాలకు తువ్వాళ్ళు ఉన్నాయి, ఎవరో తెలియదు. తొమ్మిదో పేరు అబద్ధం. ఆ మనిషి నాతో బస్సులో ఉన్నాడు."

జడ్జిగారు గట్టిగా చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. రెండోసారి నా గొంతు ఇంకెవరిదో చదువుతున్నట్టు ఉంది. సర్కారు లాయరు నేను ఎదురు తిరిగానని రాసుకోమన్నాడు. ఎంతకు అమ్ముడుపోయావని అడిగాడు. అవతలి లాయరు లేచి, ఈ అమ్మాయి తిప్పయ్య పేరు కూడా చిన్నాయన చెబితేనే రాసిందని అన్నాడు. కాదు, అది నేనే రాశాను అన్నాను. ఎవరూ వినలేదనుకుంటాను. బయట అప్పటికే ఎవరో నవ్వుతున్నారు.

కోర్టు మెట్ల కింద చిన్నాయన జీపు పక్కన నిలబడి ఉన్నాడు. నేను దగ్గరికి పోయాను.

"జీపులో జాగా ల్యా," అన్నాడు.

వెనక సీటు ఖాళీగా ఉంది. నేను చూశాను, ఆయనా చూశాడు. జీపు ఎక్కి పోయాడు.

ఆగస్టు 11

తీర్పు. పద్నాలుగు మందీ నిర్దోషులు.

పోకూడదనుకుని పోయాను. కోర్టు గేటు బయట దండలు, టపాకాయలు. తిప్పయ్య దండలతో సహా నా ముందుకొచ్చి చేతులు జోడించాడు. "సల్లగుండు తల్లీ." పక్కవాడు అన్నాడు, "బయ్యన్న ఇంట్లో గూడా మన మనిషి ఉండాదప్పా!" అందరూ నవ్వారు.

ఐజాక్ వేపచెట్టు కింద తల్లితో ఉన్నాడు. అతనికి ఎవరూ దండ తేలేదు. దగ్గరికి పోయి, నన్ను క్షమించమన్నాను.

అతను తల పక్కకు తిప్పి ఎడమచెవి నా వైపు పెట్టాడు. "ఏమన్నావు పాపా? ఆ చెవి ఇనపడదు."

మళ్ళీ అనలేకపోయాను. తిప్పమ్మ నన్ను చూసి, కొడుకును చూసి, "బస్సుకు టైమయింది పద నాయనా," అంది.

సెప్టెంబర్ 3

స్కూల్లో మూడో క్లాసుకు తెలుగు చెబుతున్నాను. అమ్మ బస్సు డ్రైవరుతో నా పెట్టె పంపింది. చీరలు, పుస్తకాలు, అన్న ఫోటో ఒకటి. ఉత్తరం లేదు.

డిసెంబర్ 14

సాయంత్రాలు లింగప్ప సారు గదికి పోతున్నాను. ఆయనకు కంటి ఆపరేషన్ అయింది, చూపు సరిగ్గా రాలేదు. అర్జీలు రాసిపెడుతున్నాను. ఎవరెవరో వస్తారు. ఏ పార్టీ అని ఆయన అడగడు, వాళ్ళే చెప్పుకుంటారు. అదీ వింటాడు, రాయించడు.

ఐజాక్ బళ్ళారిలో షాపు పెట్టుకున్నాడట. తల్లిని కూడా తీసుకుపోయాడు.

ఫిబ్రవరి 21, 2004

ఈ రోజు సాయంత్రం పోయేసరికి గదిలో ఒక ఆడమనిషి కింద కూర్చుని ఉంది. లింగప్ప సారు నన్ను చూసి లేచాడు.

"ఈపొద్దు నువ్వు హాస్టలుకు పోమ్మా. ఇది నేను రాసుకుంటా."

"మీకు కన్ను కనబడదు కదా సార్."

"ఎట్లో రాస్తా. పో."

ఆమె తల ఎత్తింది. ఓబమ్మ. తిప్పయ్య భార్య.

ఎన్నికలు వస్తున్నాయని, ఏదో పాత బాంబుల కేసు అని తిప్పయ్యను పోలీసులు పట్టుకుపోయారు. మూడు రోజులైంది. కోర్టుకు చూపించలేదు. ఈసారి వాళ్ళ పార్టీలో అతనికీ పెద్దకూ పడటం లేదట. లాయరు ఫోను ఎత్తడం లేదట.

నేను సంచి కింద పెట్టి, కాగితం తీసి, స్టూలు మీద కూర్చున్నాను.

ఓబమ్మ లేచి నిలబడింది. "ఈ పాప కాడనా సార్ నేను రాయించుకునేది?"

లింగప్ప సారు కిటికీ దగ్గరికి పోయాడు.

"చెప్పండి," అన్నాను. "ఏ రోజు తీసుకుపోయారు?"

"పద్దెనిమిదో తేదీ. పొద్దున్నే. పళ్ళు తోముకుంటాంటే." కూర్చుంది. "సచ్చేటట్టు కొట్టినారని రాయి. కాళ్ళు ఇరిసినారని రాయి."

"మీరు చూశారా?"

"గోడ బయట ఉంటి. అరుపులు ఇంటి."

"గోడ బయట నుంచి అరుపులు విన్నానని రాస్తాను."

"అంత మాత్రానికి ఎవురు కదుల్తారు? ఎస్సై కొట్టినాడని రాయి పాపా. వాడు మీ పార్టీకే పని చేస్తాండాడు."

"ఎస్సైని చూశారా మీరు?"

ఓబమ్మ నన్ను కోపంగా చూసింది. తర్వాత కోపం పోయింది. "ల్యా. వాని జీపు ఆడ ల్యా."

రాశాను. తిప్పయ్య, వయసు ముప్పై ఎనిమిది. ముగ్గురు ఆడపిల్లలు. పట్టుకుపోయిన తేదీ, వేళ. ఇరవై నాలుగు గంటల్లో కోర్టు ముందు పెట్టాలి, పెట్టలేదు. గోడ బయట విన్నది. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి.

"మా ఆయన మీ అన్నను నరికినాడు. నువ్వే సూసినావు," అంది ఓబమ్మ. నన్ను అడుగుతోందో చెబుతోందో తెలియలేదు.

"చూశాను."

"మరి యాలా రాస్తాండావు?"

"మూడు రోజులైంది కదా," అన్నాను.

ఆమె వేలిముద్ర వేసింది. అర్జీని కోర్టుకు ఫ్యాక్స్ చెయ్యాలి; ఆ షాపు సర్కిల్ అవతల ఉంది, ఆమెకు తెలియదు. నేను కూడా పోయాను. ఎండ ఇంకా తగ్గలేదు. సర్కిల్ దగ్గర లారీలు ఆగకుండా పోతున్నాయి. రోడ్డు దాటేటప్పుడు ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. దాటాక వదిలేసింది.